అంతర్జాతీయ సైన్స్ సంస్థలో కమ్యూనికేషన్స్ ఉద్యోగం: బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లు ఎలా మొదలుపెట్టాలి, ఎలా చేయాలి

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాల్లో పెరిగిన మన పిల్లల్లో చాలామందికి ఈ నాలుగూ వచ్చు. ఇది ఏ ఉద్యోగానికి పనికొస్తుందని అడిగితే బ్యాంకు పరీక్ష, టీచరు పోస్టు అని చెప్పి ఊరుకుంటాం. ఇంకో దారి కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్‌ఏఓ, ఇక్రిశాట్ లాంటి సంస్థల్లో శాస్త్రవేత్తలు కనిపెట్టిన విషయాన్ని జనానికి, అధికారులకు, విలేకరులకు చేర్చే పని. దాన్ని కమ్యూనికేషన్స్ స్పెషలిస్ట్ అంటారు. ఆ పనిలోకి ఎలా వెళ్లాలో, వెళ్లాక ఎలా చేయాలో కలిపే చెబుతాను. పని చేయడం తెలిస్తేనే దరఖాస్తులో రాయడానికి ఏమన్నా ఉంటుంది.

ముందు సంస్థలు తెలుసుకోండి

జెనీవాలో 1948 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉంది. వాతావరణానికి డబ్ల్యూఎంఓ, అదీ జెనీవాలోనే. వ్యవసాయం, ఆహారం చూసే ఎఫ్‌ఏఓ రోమ్‌లో, అణుశక్తి సంస్థ వియన్నాలో ఉన్నాయి. సముద్రాల కోసం యునెస్కో కింద 1960లో ఏర్పడిన ఐఓసీ పారిస్‌లో ఉంది. వరి పరిశోధనకు ఫిలిప్పీన్స్‌లోని ఇర్రి, మెట్ట పంటలకు 1972 నుంచి మన పటాన్‌చెరులో ఇక్రిశాట్. పేర్లు దూరంగా అనిపిస్తాయి గానీ వీటి పని మన గుమ్మం దాకా వచ్చింది. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానంగా 2012లో గుర్తించింది ఎఫ్‌ఏఓ. చోళ్లు, సామలు, కొర్రలకు 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది ఐక్యరాజ్యసమితి. గంజాం తీరంలో బక్సిపల్లి దగ్గరి వెంకట్రాయిపూర్‌కి 2020లో 'సునామీ రెడీ' గుర్తింపు ఇచ్చింది ఐఓసీ. జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోళియాసాహికీ అప్పుడే వచ్చింది. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో ఈ గుర్తింపు మొదట వచ్చింది ఈ రెండు ఊళ్లకే.

వీటిలో ఒక రంగం ఎంచుకోండి. అన్నీ చేస్తానంటే ఎవరూ నమ్మరు. మీరు వ్యవసాయ కుటుంబం అయితే పంటలు, తీరంలో పెరిగితే సముద్రం, నర్సింగ్ లేదా ఫార్మసీ చదివితే ఆరోగ్యం. మీకు ఇప్పటికే సగం తెలిసిన రంగమైతే మంచిది.

పరిశోధన పత్రాన్ని చదవడం నేర్చుకోండి

ఈ ఉద్యోగానికి కావాల్సింది మంచి భాష అని చాలామంది అనుకుంటారు. భాష కావాలి. అయితే దానికంటే ముందు, శాస్త్రవేత్త ఎంతవరకు చెప్పాడో అంతవరకే చెప్పగలగాలి. అది రాకపోతే ఎంత అందంగా రాసినా నష్టమే.

ఒక ఉదాహరణ వివరంగా చూద్దాం. స్వర్ణ వరి మనవాళ్లందరికీ తెలుసు. పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టిన ఎంటీయూ 7029. ఒడిశాలోనూ లక్షల ఎకరాల్లో వేశారు. దానికున్న లోపం, వరద వచ్చి నిండా మునిగితే చచ్చిపోతుంది. ఒడిశాలోనే ధళపుటియా అనే పాత దేశవాళీ రకం ఉండేది. దాన్నుంచి ఎంపిక చేసిన రకం నీళ్లలో మునిగినా తట్టుకుంటుంది. ఆ గుణానికి కారణమైన జన్యువును 2006లో గుర్తించి, ఇర్రి శాస్త్రవేత్తలు దాన్ని స్వర్ణలోకి తెచ్చారు. అదే స్వర్ణ-సబ్1. మన దేశంలో 2009లో విడుదలైంది. గోదావరి జిల్లా వరి, ఒడిశా వరి కలిసిన పంట ఇది. సరిహద్దులో ఉన్న మనకు చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి సైన్స్ కథ నాకు కనబడలేదు.

ఇప్పుడు దీని మీద శీర్షిక పెట్టమంటే చాలామంది 'వరదకు చావని వరి వచ్చేసింది' అని పెడతారు. వినడానికి బాగుంది, కానీ తప్పు. పత్రం చెప్పేది ఇంత: మొక్క నిండా మునిగినా దాదాపు రెండు వారాల వరకు తట్టుకుంటుంది. మామూలు వరి మునిగినప్పుడు నీటి పైకి రావాలని పొడవు సాగుతుంది, ఆ ప్రయత్నంలో దాచుకున్న శక్తి అంతా ఖర్చయి నీళ్లు తీశాక పడిపోతుంది. ఈ జన్యువున్న మొక్క సాగడం ఆపేసి, శక్తి దాచుకుని, నీళ్లు తీశాక మళ్లీ లేస్తుంది. బురదనీరు ఎక్కువైతే, రోజులు ఎక్కువైతే ఆ భరోసా తగ్గుతుంది. నెలల తరబడి మోకాలి లోతు నీళ్లు నిలిచే పల్లానికి ఇది చేసింది కాదు. వరద రాని ఏడు మామూలు స్వర్ణలాగే పండుతుంది.

రైతుకు అసలు అవసరమైనవి ఆ చివరి మూడు సంగతులే. శీర్షికలో అవి ఉండవు. 'చావని వరి' అన్న మాట నమ్మి పల్లంలో వేసిన రైతు ఒక ఏడు పంట పోగొట్టుకుంటే, ఆ తర్వాత ఆ సంస్థ ఏం చెప్పినా వినడు. వినకపోవడంలో న్యాయం కూడా ఉంది.

కాబట్టి ఏ పత్రం చేతికొచ్చినా మొదట సారాంశం చదివి, తర్వాత నేరుగా పరిమితులు రాసిన చోటికి వెళ్లండి. ఎక్కడ చేశారు, ఎన్ని పొలాల్లో లేదా ఎంతమంది మీద చేశారు, దేనితో పోల్చారు అన్నది కాగితం మీద రాసుకోండి. శాతం కనిపిస్తే 'దేనిలో శాతం' అని రాసుకోండి. 'జబ్బు ముప్పు సగానికి తగ్గింది' అంటే వెయ్యిమందిలో ఇద్దరి నుంచి ఒకరికి తగ్గిందా, నాలుగువందల నుంచి రెండువందలకా అన్నది తేలకుండా ఒక్క వాక్యం కూడా రాయకండి.

'ఎంత నమ్మకం' అన్నది కూడా వార్తలో భాగమే. వాతావరణ మార్పు మీద నివేదికలిచ్చే ఐపీసీసీకి దీనికి కొలతే ఉంది. 66 శాతం పైన అవకాశముంటే ఒక మాట, 90 పైన అయితే ఇంకో మాట, 99 పైన అయితే మరో మాట వాడతారు. తెలుగులో ఈ మూడింటినీ 'అవకాశం ఉంది' అని ఒకే గాటన కట్టేస్తుంటాం. అంకెను వాక్యంలోనే ఉంచేస్తే ఆ ఇబ్బంది ఉండదు.

ఎవరికి చెబుతున్నారో చూసి రాయండి

ఇదే ఈ పనిలో గుండెకాయ. అందుకే కాస్త ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను.

గోపాల్‌పూర్ నుంచి కింది దాకా గంజాం తీరంలో ఉన్న నోళియా మత్స్యకారుల్లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. తుఫాను హెచ్చరికలు వాళ్లకు కొత్త కాదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. 1999 సూపర్ సైక్లోన్‌లో పదివేల మంది దాకా పోయిన రాష్ట్రంలో ఈసారి మరణాలు పదుల్లోనే ఆగాయి. షెల్టర్లు కట్టడం ఒక కారణం, సమయానికి మాట చేరడం ఇంకో కారణం. తుఫాను హెచ్చరిక అంటే వాళ్లకు ఏళ్లుగా అలవాటైన అర్థం ఒకటే: వేట ఆపి ఒడ్డుకు వచ్చేయాలి.

సునామీకి అది తిరగబడుతుంది. ఒడ్డున ఉన్నవాళ్లు పైకి పోవాలి. సముద్రంలో లోతున ఉన్న బోట్లు మాత్రం ఒడ్డుకు రాకూడదు, ఇంకా లోతుకే పోవాలి. లోతు నీళ్లలో సునామీ కెరటం పెద్దగా తెలియదు, ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ అది లేస్తుంది. ఒక పెద్దాయన అడుగుతాడు: 'తుఫానుకేమో రమ్మంటారు, దీనికేమో రావొద్దంటున్నారు, ఏది నమ్మాల బాబూ?' ఈ ప్రశ్నకు జవాబు లేని కరపత్రం ఎంత రంగుల్లో అచ్చేసినా దండగ.

హైదరాబాద్‌లో సముద్ర సమాచారం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇంకాయిస్ నుంచి సునామీ బులెటిన్ వస్తుంది. అందులో భూకంప తీవ్రత, లోతు, అక్షాంశ రేఖాంశాలు, ఏ తీరానికి ఎప్పటికి చేరుతుంది, అక్కడ ఏ స్థాయి ముప్పు అన్నవి ఉంటాయి. మైకు పట్టుకుని ఆటోలో తిరిగే కుర్రాడికి అది ఇస్తే ఏం చదువుతాడు? వాడి చేతిలో పెట్టాల్సింది ఇలా ఉండాలి:

'బక్సిపల్లి వాళ్లందరికీ. సునామీ వార్నింగ్ వచ్చింది. హైదరాబాద్ ఇంకాయిస్ నుంచి వచ్చింది, పుకారు కాదు. ఒడ్డు మీద, ఇళ్లలో ఉన్నవాళ్లు ఇప్పుడే షెల్టర్‌కి నడవండి. తెప్పలు, వలలు లాగడానికి ఒడ్డుకు పోకండి. సముద్రంలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి వచ్చేయమనకండి, లోతుకు పొమ్మనండి. మొదటి కెరటం వెళ్లిపోయిందని వెనక్కి రాకండి, తర్వాతది ఇంకా పెద్దది రావచ్చు. మైకులో మళ్లీ చెప్పేదాకా పైనే ఉండండి.'

ఫోన్ గురించి చెప్పిన ఆ ఒక్క వాక్యం చూడండి. మైకు సముద్రంలోకి వినిపించదు. లోపల ఉన్న మొగుడికో కొడుకుకో ఫోన్ చేసేది ఇంట్లో ఆడవాళ్లే, భయంలో ఎవరైనా అనే మాట 'వచ్చెయ్' అనే. అంటే ఈ ప్రకటన అసలు శ్రోత ఆ ఫోన్ చేసే మనిషి. ఇలాంటిది ఆఫీసులో కూర్చుంటే తట్టదు. ఊళ్లో ఎవరు ఎవరికి ఎలా కబురు చేస్తారో కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

ఇంకొకటి. 'భూమి గట్టిగా కంపిస్తే పరుగెత్తండి' అని చాలా దేశాల కరపత్రాల్లో మొదటి వాక్యంగా ఉంటుంది. అది నిజం, అయితే మన తీరానికి సరిపోదు. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూకంపం వస్తే కెరటం మన తూర్పు తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంత దూరంలో వచ్చిన కంపనం ఇక్కడ కొందరికి తెలియకపోవచ్చు. కంపించలేదు కాబట్టి ఏమీ రాదు అనుకునే ప్రమాదం ఉంది. బయటి నుంచి వచ్చిన మెటీరియల్‌ని ఉన్నదున్నట్టు అనువదించి పంపేస్తే ఇలాంటివి జారిపోతాయి. అనువాదం మొదలుపెట్టే ముందే 'ఇది మన తీరానికి, మన కొండకి వర్తిస్తుందా' అని శాస్త్రవేత్తను అడగండి.

కొండలకూ ఇదే సంగతి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను తీరం దాటింది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర. గజపతి జిల్లాలో వానకు కొండచరియలు విరిగిపడి బారాఘర దగ్గర ప్రాణాలు పోయాయి. తుఫాను వార్త రాసేటప్పుడు తీరం దాటే చోటు, గాలి వేగం రాసి ఆపేయకండి. లోపలి కొండ ఊళ్లకు విడిగా ఒక పేరా, విడిగా ఒక ఆడియో ఉండాలి. వాన ఎంత, ఎన్ని గంటలు, ఏ వాలు కింద పడుకోకూడదు అన్నది అందులో రావాలి.

ఏ భాష, ఏ లిపి

గంజాం, గజపతి తెలుగువాళ్లలో చాలామంది ఒడియా మీడియంలో చదివారు. తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవలేరు. వాళ్లకు తెలుగు పోస్టర్ వేస్తే గోడకు అందం తప్ప ఉపయోగం లేదు. మాట తెలుగులో, రాత ఒడియాలో ఉండాలి. వాట్సాప్ వాయిస్, రేడియో, మైకు ముందు, కాగితం తర్వాత. ఇక గజపతి కొండల్లో సవర, రాయగడలో కువి, కుయి, మల్కనగిరిలో కోయ, కొరాపుట్‌లో దేశియా ఉన్నాయి. తెలుగు, ఒడియా వచ్చినంత మాత్రాన మీ జిల్లా మొత్తానికీ చెప్పినట్టు కాదు.

పర్లాకిమిడిలో ఉండి ఈ పనిని ముందే చేసి చూపించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. మనం ఆయన్ని వ్యావహారిక భాషోద్యమానికే గుర్తుపెట్టుకుంటాం. సవరల మధ్యకు వెళ్లి, వాళ్ల భాష వాళ్ల దగ్గరే నేర్చుకుని, నిఘంటువు తయారుచేసి, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించే ప్రయత్నం చేశారు. ఆయన వరస గమనించండి: ముందు విన్నారు, తర్వాత రాశారు. మన ఉద్యోగంలోనూ వరస అదే.

రాసింది పంపేముందు ఆ విషయం అస్సలు తెలియని ఇద్దరికి గట్టిగా చదివి వినిపించండి. 'అర్థమైందా?' అని అడగకండి, మర్యాదకి అందరూ అయిందనే అంటారు. 'ఇప్పుడు మీరేం చేస్తారు?' అని అడగండి. వాళ్లు చెప్పింది మీరు అనుకున్నది కాకపోతే తిరిగి రాయండి. ఆ తర్వాత ఇంకొకరి చేత దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి చేయించి శాస్త్రవేత్తకు చూపించండి. రెండు రోజులు పడుతుంది, ఆ రెండు రోజులు షెడ్యూల్‌లో ముందే అడిగి పెట్టుకోండి.

శాస్త్రవేత్తలతో పని

మొదటి సమావేశంలోనే అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది: 'మేడమ్, దీని గురించి ఎవరైనా ఎలా రాస్తే మీకు తప్పనిపిస్తుంది?' జవాబులో మీ వ్యాసానికి కావాల్సిన సరిహద్దులన్నీ వచ్చేస్తాయి. ముసాయిదా పంపినప్పుడు వాస్తవాలు సరిచూడమని స్పష్టంగా రాయండి, గడువు ఇవ్వండి. శైలి మార్చమని అడగలేదని మర్యాదగా గుర్తుచేయాల్సి వస్తుంది, తప్పదు. అంగీకారం ఎప్పుడూ ఈమెయిల్‌లోనే తీసుకోండి, ఫోన్‌లో 'ఓకే' అన్నది లెక్కలోకి రాదు.

ఎంబార్గో అంటే ఫలానా సమయం దాకా ప్రచురించకూడదన్న షరతు. నేచర్ పత్రికది లండన్ సమయం సాయంత్రం 4 గంటలకు తొలగుతుంది. మనకు వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. ఆ గంట తేడా క్యాలెండర్‌లో ముందే రాసుకోండి. విలేకరికి ముందుగా ఇచ్చే కాగితం మీద సమయాన్ని మన లెక్కలోనే పెద్దక్షరాలతో వేయండి.

ఫొటోలకు అనుమతి వాళ్ల భాషలో అడగాలి. ఎక్కడ వాడతారో చెప్పాలి. వద్దంటే మానేయాలి. కొండ జాతుల వాళ్ల ఫొటోలు వార్షిక నివేదికల అట్టల మీద అలంకారంగా వేసే అలవాటు చాలా సంస్థల్లో ఉంది. మీరు చేరాక దాన్ని ప్రశ్నించండి, ఈ విషయంలో మొహమాటం అక్కర్లేదు.

పుకారు వచ్చినప్పుడు

'ఫలానా తారీఖున సునామీ వస్తుంది' అనే ఫార్వర్డ్ ఏటా తిరుగుతుంది. భూకంపం ఏ రోజు వస్తుందో ముందుగా చెప్పే పద్ధతి ఎవరి దగ్గరా లేదు, కాబట్టి తారీఖు ఉందంటేనే అది అబద్ధం. జవాబు రాసేటప్పుడు నిజంతో మొదలుపెట్టండి. పుకారును ఒక్కసారే, అదీ 'ఇది తప్పు' అని ముందే చెప్పి ప్రస్తావించండి. ఎందుకు తప్పో ఒక వాక్యం, మళ్లీ నిజం. ఆ ఫార్వర్డ్ స్క్రీన్‌షాట్‌ని పోస్టర్‌లో పెద్దగా వేయకండి, జనానికి గుర్తుండేది బొమ్మే.

జనం అడిగిన ప్రశ్నలను ఒక పుస్తకంలో రాసి నెలకోసారి శాస్త్రవేత్తలకు పంపండి. వాళ్లు అడగకపోయినా పంపండి. పై పెద్దాయన ప్రశ్నలాంటివి తర్వాతి మాక్‌డ్రిల్‌ను మారుస్తాయి.

ఇక ఉద్యోగం సంపాదించడం

సర్టిఫికెట్ల కంటే నమూనాలు ముఖ్యం. మీ రంగంలో ఒకే పరిశోధన తీసుకుని మూడు రకాలుగా తయారుచేయండి: జిల్లా పేపర్‌కి మూడువందల మాటల వార్త, నిమిషం వాయిస్ మెసేజ్, కలెక్టర్‌గారికి ఒక పేజీ నోట్. పక్కన మూల పత్రం లింకు. నాలుగైదు పరిశోధనల మీద ఇలా చేస్తే అది మీ పోర్ట్‌ఫోలియో. అనుభవానికి దగ్గరి చోట్లే చూడండి: జయపురంలో వ్యవసాయ పరిశోధన చేసే స్వామినాథన్ ఫౌండేషన్ కేంద్రం, బరంపురంలో సైన్స్ విద్యాసంస్థ ఐసర్, బరంపురం యూనివర్సిటీ, ఆకాశవాణి బరంపురం, జయపురం కేంద్రాలు, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం. వెళ్లి 'మీ పని గురించి రాస్తాను' అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఐక్యరాజ్యసమితి సంస్థల్లో పోస్టుల పద్ధతి తెలుసుకోండి. అంతర్జాతీయ పోస్టులను పీ-2, పీ-3 అని స్థాయిలుగా పిలుస్తారు. పీ-2 స్థాయికి సాధారణంగా పీజీతో పాటు రెండేళ్ల అనుభవం, పీ-3కి ఐదేళ్లు అడుగుతారు. వీటికి ప్రపంచమంతా పోటీ. నేషనల్ ఆఫీసర్ పోస్టులు మన దేశం వాళ్లకే. మీకు ముందు దొరికేవి ఇవి గానీ, కొన్ని నెలల కన్సల్టెన్సీలు గానీ, యూఎన్ వాలంటీర్ పని గానీ. అధికార భాషలు ఆరింటిలో తెలుగు, ఒడియా లేవు. అయినా ఫీల్డ్ పనికి స్థానిక భాష ప్రకటనలోనే అడుగుతారు, మీ దరఖాస్తు బలం అక్కడే. 'తెలుగు, ఒడియా వచ్చు' అని రాసి ఆపకండి, ఆ భాషల్లో ఏం చేశారో రాయండి.

కన్సల్టెన్సీ ఒప్పందంలో సెలవులు, ఇన్సూరెన్స్, ప్రయాణ ఖర్చులు ఎవరివో చదివి సంతకం పెట్టండి. ఇంటర్వ్యూ, ట్రైనింగ్ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఉద్యోగానికి ఫీజు తీసుకోవు. ప్రకటన నిజమో కాదో ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఇంటర్వ్యూలో 'మీరేం చేస్తారు' అని తక్కువ అడుగుతారు, 'ఇలాంటి పరిస్థితిలో మీరేం చేశారు' అని ఎక్కువ అడుగుతారు. పరిస్థితి, మీరు చేసింది, ఫలితం అనే వరసలో నాలుగైదు సంఘటనలు సిద్ధంగా ఉంచుకోండి. దానికి ముందు తరచుగా రాత పరీక్ష ఉంటుంది. ఒక పరిశోధన పత్రం ఇచ్చి గంటా గంటన్నరలో ప్రెస్ నోట్ రాయమంటారు. టెన్షన్‌లో మొదటి పేరా కోసం అరగంట పోగొట్టుకోకండి. మొదటి పదిహేను నిమిషాలు పరిమితులు, అంకెలు కాగితం మీద రాసుకోండి, తర్వాత రాయడం మొదలుపెట్టండి, చివరి పది నిమిషాలు ప్రతి అంకెనూ మూల పత్రంతో పోల్చి సరిచూసుకుని అప్పుడే పంపండి.